బ్రిక్స్ మావయ్య చూసిన పరమాణువులు

ఆ రోజుల్లో నాకు ఆశ్చర్యపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఇప్పుడెవరైనా ఏదైనా వింత చెబితే ముందు కళ్లజోడు సర్దుకుని, ఎవరు చెప్పారు, ఎక్కడ రాశారు అని అడుగుతాను. అప్పుడలా కాదు. ‘నీకో సంగతి తెలుసా’ అంటే చాలు, ఆ సంగతేంటో వినకముందే సగం నమ్మేసేదాన్ని. మిగతా సగం, వాళ్లు చెప్పడం పూర్తయ్యేలోపు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసైన మనిషి ఇలా ఉండొచ్చా అని మీరడగొచ్చు. ఉండొచ్చండి. ఉన్నాను కదా.

తొంభైల నడిమి రోజులవి. తణుకులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నాకు కెమిస్ట్రీ లెక్చరర్‌గా మొదటి ఉద్యోగం వచ్చింది. మాది ద్రాక్షారామం దగ్గర చిన్న ఊరు. రోజూ గోదావరి దాటి వచ్చి వెళ్లడం అయ్యేపని కాదు కనక, తణుకులోనే ఉన్న మా పెద్ద మావయ్యగారింట్లో మేడమీద గది నాకిచ్చారు. మావయ్య ముప్పై ఏళ్లు చక్కెర ఫ్యాక్టరీ లేబొరేటరీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. బంధువులంతా ఆయన్ని బ్రిక్స్ మావయ్య అనేవారు. (బ్రిక్స్ అంటే చెరకు రసం ఎంత చిక్కగా, ఎంత తియ్యగా ఉందో చెప్పే కొలత. ఫ్యాక్టరీలో దానికో పరికరం ఉంటుంది. మావయ్యకి నాలుకే పరికరం.) పెళ్లి భోజనాల్లో పాయసం నోట్లో పెట్టుకుని, రెండు క్షణాలు కళ్లు మూసుకుని, ‘ఇరవై రెండు’ అనేవారు. తనకి మార్కులు వేస్తున్నారనుకుని వంటాయన పాపం, ‘ఎంతకండీ’ అని అడిగేవాడు.

రిటైరయ్యాక మనిషికి పొద్దు గడవాలి కదా. మావయ్య వారానికోసారి పాసింజరు రైలెక్కి రాజమండ్రి వెళ్లి, గోదావరి గట్టు దగ్గర ధ్యానం చేసుకునే వాళ్ల చదువుల గది ఒకటుంటే అందులో సాయంత్రం దాకా కూర్చుని వచ్చేవారు. ఒక గురువారం ఆయన తిరిగొచ్చిన తీరు నాకింకా గుర్తుంది. చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి (అత్తయ్య ఇంట్లో అది చిన్న నేరం కాదు), సంచిలోంచి జిరాక్సు కాగితాల బొత్తి తీసి నా ముందు పెట్టారు. వందేళ్ల కిందట కొందరు మైక్రోస్కోపులూ అవీ ఏమీ లేకుండా, కేవలం ధ్యానంలో కూర్చుని, మనసుని సన్నబరచుకుంటూ వెళ్లి పరమాణువుల్ని ఉన్నవున్నట్టుగా చూశారట. చూసి బొమ్మలు గీయించారట. నేను కాగితాలు తిప్పాను. దారపుండల్లాంటివి, గరాటుల్లాంటివి, విచ్చుకున్న పువ్వుల్లాంటివి, ఒకదాంట్లో ఒకటి దూరిపోయిన బుట్టల్లాంటివి. అయిదేళ్లపాటు పరమాణువు గురించి చదివి, ఏనాడూ దాని మొహం చూడని దాన్ని నేను. ఎలక్ట్రాను ఇక్కడుందా అంటే ఉండొచ్చు, అక్కడుందా అంటే అక్కడా ఉండొచ్చు అని పరీక్షల్లో రాసి రాసి విసిగిపోయిన దాన్ని. ఇంత ముచ్చటైన బొమ్మలు చూసేసరికి నాకు గుండె ఝల్లుమంది.

“మనమూ చూద్దామా అమ్మాయ్?” అన్నారు మావయ్య.

చూడటం ఆయన వంతు, గీయడం నా వంతు. మర్నాటి నుంచీ కాలేజీ అయ్యాక, నాలుగున్నరకల్లా మేడమీద వరండాలో చాప పరిచేవాళ్లం. అత్తయ్య వంటింట్లోంచి స్టీలు పళ్లెంలో ఉప్పో, పటికో, రాగి చెంచానో ఇచ్చేది. మావయ్య దాన్ని ముందు పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. ఓ అరగంట ఏమీ ఉండేది కాదు. కింద రిక్షాల గంటలూ, పక్కింటి వాళ్ల కుక్కరు కూతలూ వింటూ పెన్సిలు పట్టుకుని కూర్చునేదాన్ని. తర్వాత ఆయన గొంతు మారేది. “తిరుగుతోంది అమ్మాయ్… మూడు పొడుగాటి దిమ్మలున్నాయి, ఒకదానిమీద ఒకటి ఆనుకుని తిరుగుతున్నాయి… మధ్యలోంచి తెల్లగా ఏదో కారుతోంది…” అనేవారు. నా చేతికి వేగం చాలేది కాదు. ఉప్పులో పన్నెండు గరాటులు కనిపించాయి. పటికలో నిలువుగా పెద్ద గొట్టం, దానిచుట్టూ మెట్లు. రాగిలో గిర్రున తిరిగే పెద్ద బుట్ట, దాని గోడలకి అంటుకున్న సన్నటి మెరుపులు. మూడు వారాల్లో నా డ్రాయింగు పుస్తకం నిండిపోయింది. అత్తయ్య మాత్రం పళ్లెం తిరిగి తీసుకెళ్లడానికి వచ్చినప్పుడల్లా, అంత చూపున్నవారు పోయినవారం నుంచీ కనపడని తన సూది డబ్బా ఎక్కడుందో కూడా చూసిపెడితే బాగుండునని అనేది. మేం ఆవిడ అజ్ఞానానికి జాలిపడేవాళ్లం.

ఇంతవరకూ ఇంట్లో సంగతి. ఇంట్లోనే ఉంచుకుంటే నేను ఇది రాయక్కర్లేకపోయేది. సెకండియర్ వాళ్లకి ఘనస్థితి పాఠం చెబుతున్నాను. ఉప్పు స్ఫటికంలో సోడియం, క్లోరిన్ ఎలా వరసలుగా అమరి ఉంటాయో బోర్డుమీద గీశాను. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. నా నోరు ఆగలేదు. దీన్ని ఇంకా దగ్గరగా చూస్తే ఎలా ఉంటుందో తెలుసా అని మొదలుపెట్టి, పన్నెండు గరాటులూ గీసి, రంగు చాక్‌పీసులతో అవి ఎటు తిరుగుతాయో బాణాలు కూడా వేశాను. క్లాసు మొత్తం ఊపిరి బిగబట్టి చూసింది. నా పాఠానికి అంత నిశ్శబ్దం ఎప్పుడూ దొరకలేదు. ఆ నిశ్శబ్దం తలకెక్కి మర్నాడు రాగి కూడా చెప్పాను. (ఎవరు చూశారు అని ఒక్కరూ అడగలేదు. మేడమ్ బోర్డుమీద గీస్తే అది ఉన్నట్టే.)

నాలుగైదు రోజులు గడిచాయి. ఆ క్లాసులో ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు ఊరవతల వరి, చెరకు వేసే రైతు. కూతురు చదువంటే ప్రాణం ఆయనకి. ఆ అమ్మాయి నోట్సులో పన్నెండు గరాటుల బొమ్మ చూసి, పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి కదా, ఈ పాఠమున్న గైడు కొనిపెడదామని పుస్తకాల షాపుకెళ్లారు. ఏ గైడులోనూ లేదు. రెండో షాపులోనూ లేదు. ఇదేదో కొత్త సిలబస్ అయ్యుంటుందని షాపతను అన్నాడట. అంతే, సాయంత్రానికి ఊళ్లో ట్యూషన్లు చెప్పేవాళ్లందరికీ కెమిస్ట్రీ సిలబస్ మారిపోయిందన్న వార్త చేరింది. పక్క కాలేజీ లెక్చరరొకాయన మా స్టూడెంటు దగ్గర నోట్సు అడిగి జిరాక్సు తీయించుకున్నాడని కూడా విన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే భయపడాల్సింది పోయి, లోపల చిన్నగా గర్వం కలిగింది.

మర్నాడు ప్రిన్సిపాల్‌గారు పిలిచారు. పెద్దాయన, ఫిజిక్సు మనిషి. ఏది వచ్చినా ‘నెమ్మది, నెమ్మది’ అంటారు గనక పిల్లలు ఆయనకి నెమ్మది మాస్టారని పేరు పెట్టారు. ఆయన బల్లముందు ఆ రైతుగారు నిలబడి ఉన్నారు, చేతిలో కూతురి నోట్సు.

“ఏవండీ మేడమ్‌గారూ, ఈ గరాటులు పరీక్షలో వస్తాయాండి?” అన్నారాయన. కోపం లేదు ఆ గొంతులో. బెంగ ఉంది.

అక్కడ నేను తలొంచుకుని పొరపాటైందని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. మావయ్య గురించీ, చాప గురించీ, బొమ్మల పుస్తకం గురించీ మొత్తం చెప్పేశాను. ఒకే ఊపులో, మధ్యలో గాలి కూడా పీల్చకుండా. చివర్న, కావాలంటే మీరే పరీక్ష పెట్టి చూడండి సార్ అని కూడా అన్నాను. ప్రిన్సిపాల్‌గారు చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చుని, సరే, శనివారం మధ్యాహ్నం మావయ్యగారిని తీసుకురండి అన్నారు. అయిదు సీసాల్లో అయిదు నమూనాలు తను పెడతానని, వాటిలో ఏముందో మావయ్య చూసి చెప్పాలని, చెప్పలేకపోతే నా ఉద్యోగం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందామని, అంతా నెమ్మదిగానే చెప్పారు. రైతుగారిని కూడా రమ్మన్నారు.

మావయ్యకి చెబితే సంబరపడిపోయారు. శనివారానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, ఫ్యాక్టరీ రోజుల్లోలాగా బౌండు పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని బయల్దేరారు. పరీక్ష అంటే ఫలితం రాసే పుస్తకం ఉండాలన్నారు. అత్తయ్య పులిహోర కారియరు పట్టుకుని మా వెనకే రిక్షా ఎక్కింది. గెలిచినా ఓడినా ఆకలేస్తుంది కదా అంది. నాకు రిక్షాలో కాలు నిలవలేదు. పేపర్లో ఏ హెడ్డింగు పెడతారో కూడా ఆలోచించేశాను.

లేబొరేటరీలో పొడుగాటి నల్ల బల్ల. ఒక వైపు మావయ్య, ఎదురుగా ప్రిన్సిపాల్‌గారు, కిటికీ దగ్గర రైతుగారు, నేనూ అత్తయ్యా స్టూళ్లమీద. ప్రిన్సిపాల్‌గారు న్యూస్‌పేపరు చుట్టిన సీసా ఒకటి బీరువాలోంచి తీసి బల్లమీద పెట్టారు. మావయ్య కళ్లు మూసుకున్నారు. పది నిమిషాలు గడిచాయి. పెద్ద చక్రం కనిపిస్తోందని, అందులో గింజలు గింజలుగా మెరుపులున్నాయని చెప్పి, “పంచదార” అన్నారు. ప్రిన్సిపాల్‌గారు పేపరు విప్పారు. పంచదారే. నేను లేచిన ఊపుకి స్టూలు పడిపోయింది. రెండో సీసా పెట్టారు. ఈసారి అయిదు నిమిషాలే పట్టింది. “కల్లుప్పు” అన్నారు. విప్పితే కల్లుప్పే. రైతుగారు రెండు చేతులూ జోడించి, కూతురికి గైడు దొరకకపోయినా పర్వాలేదన్నట్టు చూశారు. ప్రిన్సిపాల్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆ రెండు నిమిషాల్లో నేనున్నంత ఆనందంగా ఆ భవనంలో ఎవరూ ఎప్పుడూ ఉండి ఉండరు.

మూడో సీసా తీయబోతుంటే మావయ్య చెయ్యెత్తి ఆపారు. ఆయన మొహం నాకు బాగా తెలుసు. ఏదో రీడింగు తేడా వచ్చినప్పటి మొహం అది.

“ప్రిన్సిపాల్‌గారూ, ఆ రెండూ కొట్టేయండి. నేను చూసి చెప్పలేదు. విని చెప్పాను.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పారు. సీసా బల్లమీద పెట్టినప్పుడు లోపల గింజ కదిలిన చప్పుడు వచ్చిందట. ముప్పై ఏళ్లు రోజూ విన్న పంచదార చప్పుడు తన చెవి మర్చిపోదట. రెండోదాంట్లో పెద్ద పలుకులు మొద్దుగా దొర్లాయి, అది కల్లుప్పని తెలిసిపోయింది. చెవి చెప్పేశాక కళ్లముందు చక్రం వచ్చిందో, రాకముందే చెవి చెప్పిందో తనకే తెలియడం లేదని, అలాంటి ఫలితం పుస్తకంలో ఎక్కించడం తప్పని అన్నారు. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. వద్దు మావయ్యా, ఊరుకోండి, సరిగ్గానే చెప్పారు కదా అని గుసగుసలాడాను. ఆయన నా చెయ్యి మెల్లిగా తీసేశారు. (రెండు ఒప్పుల్ని చేతులారా కొట్టేయించుకునే మనిషిని అంతకుముందు నేను చూడలేదు. ఆ తర్వాత కూడా తక్కువే చూశాను.)

అప్పుడు ప్రిన్సిపాల్‌గారు అయిదు సీసాల్లోనూ దూది కుక్కి, కొత్త పేపర్లు చుట్టి, వరస మార్చి తెచ్చారు. రైతుగారు తన కండువా తీసి బల్లమీద మడతపెట్టి పరిచారు, చప్పుడు కాకుండా. ఇక మొదలైంది. మొదటిదాన్ని మావయ్య గంధకం అన్నారు. విప్పితే పంచదార. ముప్పై ఏళ్లు పంచదార మధ్య బతికిన మనిషి. రెండోది మైలుతుత్తం అన్నారు, ఇనుప రజను వచ్చింది. మూడోది తప్పు. నాలుగోది తప్పు.  అయిదోదాని దగ్గర మాత్రం మావయ్య మొహం వెలిగిపోయింది. అంత అందమైనది ఇంతవరకూ చూడలేదన్నారు. ఇరవై నాలుగు రేకులట, ఒక్కో రేకూ లోపలికి ముడుచుకుంటూ వెలుగుతోందట. బంగారంలాంటి లోహం ఏదో అయ్యుంటుందన్నారు. ప్రిన్సిపాల్‌గారు పేపరు విప్పి, దూది బయటికి లాగి, సీసా తిరగేసి చూపించారు. ఖాళీ.

 నేను మునిగిపోతున్న దానిలా ఒక మాట పట్టుకున్నాను.

“గాలి ఉంది కదా సార్ అందులో. గాలిలో కూడా పరమాణువులుంటాయి.”

ప్రిన్సిపాల్‌గారు నా వైపు జాలిగా చూశారు. జవాబు మావయ్యే చెప్పారు.

“వద్దమ్మా. గాలి అని నేను చెప్పలేదుగా. బంగారం అన్నాను.”

తర్వాత పెన్ను తీసి, బౌండు పుస్తకంలో గీతలు కొట్టి, ఫ్యాక్టరీలో రాసే గుండ్రటి అక్షరాలతో అయిదు నమూనాలూ వరసగా రాశారు. అయిదోదానికెదురుగా: ‘సీసాలో ఉన్నది ఏమీ లేదు. కనిపించినది ఇరవై నాలుగు రేకులు. ఫలితం తప్పు.’ కింద సంతకం పెట్టి పుస్తకాన్ని ప్రిన్సిపాల్‌గారి వైపు తిప్పారు.  నేను ఏడుస్తున్నాను.

అత్తయ్య కారియరు విప్పింది. లేబొరేటరీలో తినకూడదని నేను రోజూ పిల్లలకి చెప్పే మాట. ఆ వేళ అందరం వరండాలోకి వెళ్లి తిన్నాం. ఆ తినేటప్పుడే ప్రిన్సిపాల్‌గారు నా బొమ్మల పుస్తకం అడిగి తీసుకుని ఒక్కో పేజీ తిప్పారు. అత్తయ్య ఆయన భుజం పక్కనుంచి చూసింది. మూడు వారాలు పళ్లేలు అందించింది గానీ ఆ పుస్తకం ఎప్పుడూ తెరిచి చూడలేదు పాపం. చూసి, ఇవన్నీ నాకు తెలుసే అంది. ఆనుకుని తిరిగే మూడు దిమ్మలు చెరకు పిండే రోలర్లట. నిలువు గొట్టం ఫ్యాక్టరీ పొగగొట్టం, చుట్టూ ఉన్నవి దాని ఇనుప మెట్లు. గిర్రున తిరిగే బుట్ట, పంచదారని మడ్డి నుంచి విడదీసే మిషను. “పెళ్లైన కొత్తలో ఫ్యాక్టరీ మొత్తం తిప్పి చూపించారు కదండీ. పొగగొట్టం కింద నిలబెట్టి, పైకి చూడు అన్నారు. నాకు కళ్లు తిరిగాయి” అంది మావయ్యతో.

మావయ్య పులిహోర చేతిలోనే పెట్టుకుని ఆ పేజీలు మళ్లీ చూశారు. నేనూ చూశాను. మూడు వారాలు నా చేత్తో గీసినవి, ఒక్కసారి కూడా తట్టలేదు నాకు. ఆయన ముందు నవ్వడం మొదలుపెట్టారు, చిన్నగా, తర్వాత కళ్లలో నీళ్లు తిరిగేలా. రైతుగారు కూడా నవ్వి, మా చెరకంతా ఆ రోలర్లలోకే వెళ్లిందండీ అన్నారు.

ఉద్యోగం పోలేదు. సోమవారం క్లాసుకెళ్లి ఆ రెండు పాఠాలూ కొట్టేయించి మళ్లీ చెప్పమన్నారు ప్రిన్సిపాల్‌గారు. శనివారం జరిగింది కూడా వాళ్లకి చెప్పండి, సిలబస్‌లో లేకపోయినా అన్నారు. చెప్పాను. దూది సంగతీ, కొట్టేయించిన రెండు ఒప్పుల సంగతీ దాచకుండా చెప్పాను. గరాటులప్పుడున్నంత నిశ్శబ్దం మళ్లీ వచ్చింది. జిరాక్సు తీయించుకున్న పక్క కాలేజీ ఆయన మాత్రం ఇంకో వారం పాటు గరాటులు చెప్పాడని వినికిడి. (ఆయనకి ఎవరు చెప్పాలో నాకు తోచలేదు. ఆయన ఎవరిని అడగాలో ఆయనకీ తోచి ఉండదు.)

మావయ్య రాజమండ్రి వెళ్లడం మానలేదు. ధ్యానం మంచిదే, నిద్ర బాగా పడుతోంది అనేవారు. చాప మాత్రం మళ్లీ పరవలేదు. రెండు మూడుసార్లు నేనే నాలుగున్నరకి వరండాలోకి వెళ్లి, ఊరికే కూర్చుని వచ్చేశాను.

చాలా ఏళ్ల తర్వాత, ఊరూరా ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక, ఏదో పాఠం కోసం వెతుకుతుంటే నాకొక ఫొటో దొరికింది. పెద్ద ప్రయోగశాలలో, గదంత మిషనుతో, లోహం పైన వరసగా ఉన్న పరమాణువుల్ని తీసిన బొమ్మ. ప్రింటు తీయించుకుని ఆ ఆదివారమే తణుకు వెళ్లాను. మావయ్య అప్పటికి బాగా పెద్దవారయ్యారు, కంటి ఆపరేషనయి నల్ల కళ్లజోడుతో ఉన్నారు. నిజమైన పరమాణువులు మావయ్యా, ధ్యానం కాదు, మిషనుతో తీసినవి అని కాగితం చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి, కాగితాన్ని వెలుతురుకి పెట్టి, దగ్గరగా, దూరంగా, పక్కకి తిప్పి, చాలాసేపు చూశారు. మసకమసకగా, బూడిదరంగులో, అట్టమీద పేర్చిన కోడిగుడ్లలాగా వరసలు.

“ఇంతేనా?” అన్నారు.

అంతేనన్నాను. ఆయన ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించి, మనవే బాగున్నాయి కదమ్మా అన్నారు. అప్పటికి నేను పదేళ్లకు పైగా కెమిస్ట్రీ చెబుతున్న మనిషిని. చెప్పాల్సిన జవాబు నాకు తెలుసు. కానీ ఆ క్షణంలో నా బదులు, పెన్సిలు పట్టుకుని చాపమీద కూర్చున్న ఆ పిచ్చిపిల్ల ముందే నోరు తెరిచి అవునని చెప్పేసింది. నేను ఆపలేదు.